తవిటమ్మ తరిణె పట్టిన కర్ర

అనగనగా అంటే మీ తాతలూ నా తాతలూ పుట్టకముందు మాట. జమీందార్లు పచ్చగుడ్డ పరిచిన పెద్ద బల్ల ఓడ మీద తెప్పించుకుని, దాని మీద దంతపు బంతుల్ని పొడుగాటి కర్రతో పొడుస్తూ పొద్దుపుచ్చే రోజులు. అలాంటి ఒక జమీందారు కోట దిగువ పేటలో తవిటమ్మ అనే ఆవిడ ఉండేది.

తవిటమ్మది తరిణె పని. కర్రను తరిణెకి బిగించి, గిరగిరా తిప్పుతూ, ఉలి ఆనించి నున్నగా తియ్యడం. మొగుడు పోయాక ఆ పని తనే ఎత్తుకుంది. ఒక చేత్తో తాడు లాగేది, ఒక చేత్తో ఉలి పట్టేది, కాలి బొటనవేలితో ఉలిని కదలకుండా ఆపేది. కవ్వం కావాలా, తవిటమ్మ. అప్పడాల కర్ర కావాలా, తవిటమ్మ. ఉయ్యాల తొట్టెకు పట్టి ఊపే కర్రకోళ్ళు కావాలా, తవిటమ్మ.

ఆమె దగ్గర మొగుడి ఉలి ఒకటుంది. దాని అంచు మూడు చోట్ల విరిగింది, రెండు దగ్గరగా, ఒకటి ఎడంగా. ఆమె దాన్ని పారెయ్యలేదు. ఏ వస్తువు చేసినా, చెయ్యి పట్టుకునే చోట చివరగా ఆ ఉలినే ఆనించేది. మూడు సన్నటి గీతలు తేలేవి. చెమట చేతికి జారకుండా అవే పట్టు. పైన లక్క పూశాక కంటికి ఆనవు. చేతికే తెలుస్తాయి.

ఒక ఏడు జమీందారు ఆటకర్ర సముద్రపు చెమ్మకు వంగిపోయింది. ఇంకోటి దొరల సీమ నుంచి ఓడ మీద రావాలంటే నెలలు పడుతుంది. మూడు వారాల్లో తెల్లదొరలు ఆటకొస్తున్నారు. దివాను ఆ వంగిన కర్ర పట్టుకుని తవిటమ్మ గుమ్మంలోకి వచ్చాడు.

"ఇలాంటిది తియ్యగలవా?"

తవిటమ్మ కర్రను వేలి మీద పెట్టి తూచింది. "తీస్తాను బాబూ. నాకేటీ వొద్దు. ఎవులు సేసినారని రాజుగోరు అడిగితే నా పేరు సెప్పండి. అంతే."

"ఓస్, అదెంత! చెప్తాను," అన్నాడు దివాను.

మొదటి కర్రలో ముడి కనపడింది, పక్కన పెట్టేసింది. రెండోది బరువు కుదరలేదు, పక్కన పెట్టేసింది. మూడోది కుదిరింది. ముందు భాగానికి గొడ్డలి కామలకు వాడే కొండకర్ర, వెనక బరువుకు నల్లటి ఇరుగుడు కర్ర. రెంటినీ ఒకదాంట్లో ఒకటి దూర్చి అతికితే, అతుకు ఎక్కడో గోటికి కూడా తగల్లేదు.

దివాను దాన్ని జమీందారు చేతిలో పెట్టి ఏమన్నాడో తెలుసా? "ఎంతో తంటాలు పడి సీమ సరుకు తెప్పించాను ప్రభూ," అన్నాడు. నోరు ఎలా వచ్చిందో! ఆమె అడిగింది ఒక్క మాట. అదీ మింగేశాడు.

ఆట రోజు వచ్చింది. ఆ కర్రతో జమీందారు కొట్టిన బంతి కొట్టినట్టు పోయింది. దొరలు కర్రను చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. చేసినవాడి ముద్ర లేదు.

"ఇది లండను పనే," అన్నాడు ఒక దొర.

"కాదు, పారీసు," అన్నాడు రెండో దొర.

"ఇంత సాఫీ పని జర్మనీలో తప్ప జరగదు," అన్నాడు మూడో దొర.

తన పేరు వినబడుతుందని తవిటమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చి వసారాలో నిలబడి ఉంది. మూడు ఊళ్ళ పేర్లు విన్నది. తన పేరు వినలేదు. ఇక ఆగలేక గడప దాటింది.

"అది నాను సేసినాను బాబూ."

నవ్వారు. అందరూ నవ్వారు. జమీందారు మొహం కందగడ్డయింది. దివాను వైపు చూశాడు.

"పిచ్చిది ప్రభూ. అప్పడాల కర్రలు చేసుకునేది," అన్నాడు దివాను, ఆమె కళ్ళలోకి చూస్తూనే.

"పిడి కాడ గీతలున్నాయి, తడిమి సూడండి," అంటోంది తవిటమ్మ. ఎవరు తడుముతారు? అప్పటికే బంట్రోతులు రెక్క పట్టి ఈడుస్తున్నారు.

అంతటితో పోనిచ్చారా? లేదు. దొరల ముందు పరువు తీసిందని ఆమె తరిణెను గుమ్మం ముందే తగలబెట్టించారు. మూడు వీధుల్లో డప్పు వేయించి, మూడుసార్లు చాటించారు. "అబద్ధాల తవిటమ్మ! అబద్ధాల తవిటమ్మ! అబద్ధాల తవిటమ్మ!" నిజం చెప్పినదానికి ఆ పేరు. ఈ చోటికి వచ్చినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ తరవాత ఆమె ఎవరితోనూ వాదించలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చునేది. మళ్ళీ వానలు పడకముందే పోయింది.

కొన్నేళ్ళు గడిచాయి. జమీందారుకు ఆ కర్రకు జత కావాలని బుద్ధి పుట్టింది. దివానును అడిగితే రోజుకో ఊరి పేరు చెప్పాడు. చేసినవాడెవడో తేల్చమని చెన్నపట్నం నుంచి కర్రల పరీక్ష తెలిసిన పెద్దమనిషిని పిలిపించాడు. ఆయన మొదటి రోజు కొలిచాడు, తూచాడు. రెండో రోజు కర్రను గోకి వాసన చూశాడు. "ఇది సీమ కర్ర కాదు. మీ కొండల్లోదే," అన్నాడు. మూడో రోజు పిడి మీద లక్క గీశాడు. మూడు గీతలు బయటపడ్డాయి.

"ఈ గీతలు ఎవరివో తెలిస్తే, చేసినవాళ్ళు తెలిసినట్టే."

అప్పుడే కోటలో మజ్జిగ చిలికే పైడితల్లి ఆయనకు మజ్జిగ తెచ్చింది. ఆ గీతలు చూసి ముంత కింద పెట్టేసింది. అడక్కుండానే కర్ర పట్టుకుంది.

"ఈ గీతల్ని నా సేతులు ఎరుగును బాబూ. రోజూ పట్టుకున్నవే."

పరుగున పోయి కవ్వం తెచ్చింది. దాని మీద లక్క గీస్తే మూడు గీతలు, రెండు దగ్గరగా, ఒకటి ఎడంగా. వంటింట్లోంచి అప్పడాల కర్ర తెచ్చింది. అవే మూడు గీతలు. ఆఖరికి లోపలి గదిలోంచి ఉయ్యాల తొట్టె కోడు ఊడదీసి తెచ్చింది. జమీందారు కొడుకు ఊగిన తొట్టె అది. అవే మూడు గీతలు.

పెద్దమనిషి నాలుగూ వరసగా పచ్చబల్ల మీద పెట్టాడు. "ఒకే ఉలి, ఒకే చెయ్యి," అన్నాడు. దివాను గోడకు ఆనుకుపోయాడు.

"ఎవరా పనివాడు? పిలిపించండి," అన్నాడు జమీందారు.

"ఎక్కడినించి పిలుస్తారు బాబూ?" అంది పైడితల్లి. "తవిటమ్మ సేసినాదది. సెప్పుకోడానికొస్తే గెంటించినారు. తరిణె కాల్చినారు. కుమిలి కుమిలి సచ్చిపోనాది."

జమీందారు కర్రను చేతిలోకి తీసుకుని ఆ గీతల్ని తడిమాడు. తరవాత, "కర్ర మీద బంగారంతో ఆమె పేరు చెక్కిద్దాం," అన్నాడు.

"బంగారం ఎవులికి కావాల బాబూ? మూడు ఈదుల్లో అబద్ధాలదని సాటించినారు. అయే మూడు ఈదుల్లో కాదని సాటించండి. అబద్ధమాడినోరి నోటితోనే."

జమీందారు సరేనని దివాను వైపు వేలు చూపాడు. ముందు డప్పు, వెనక దివాను. తలపాగా లేకుండా, పట్టపగలు, మూడు వీధులూ నడిచి మూడేసిసార్లు అరిచాడు. "కర్ర చేసింది తవిటమ్మ! అబద్ధమాడింది నేను!" ఆడవాళ్ళు కవ్వాలు పట్టుకుని గుమ్మాల్లో నిలబడి విన్నారు. గొంతు తగ్గిన చోటల్లా, "వినబడనేదు, మళ్ళీ సెప్పు," అన్నారు.

విన్నారు గదా. ఇప్పటికీ ఆ పేటలో ఎవరైనా, ఎంత పేదవాళ్ళయినా, "ఇది నేను చేశాను" అంటే ఎవరూ నవ్వరు. "ఏదీ, చెయ్యి ఇలా ఇయ్యి," అంటారు. ఆ చేతిని పట్టుకుని కళ్ళకద్దుకుంటారు. తెలియక ఏ కొత్తవాళ్ళో నవ్వితే, గుమ్మంలో కూర్చున్న ముసలమ్మలు కసురుతారు.

"నవ్వకు. ఇది తవిటమ్మ ఊరు."