జెముడుకాకికి ఎర్రకళ్లు ఎలా వచ్చాయి

ఒకప్పుడు జెముడుకాకి కళ్లు నేరేడుపళ్లలా నల్లగా నిగనిగలాడేవి. గొంతు సన్నగా, తీయగా ఉండేది. ఇక ఎగరడమంటారా, మబ్బును ముక్కుతో గిల్లి వచ్చేంత పైకి ఎగిరేది. నమ్మరా? అయితే వినండి.

ఆ రోజుల్లో ఏటిగట్టు మీద రాగన్న అనే జెముడుకాకి ఉండేవాడు. రెక్కలు రాగిరంగులో మెరిసేవి కాబట్టి ఆ పేరు. భార్య నూకాలు. ఒక్కగానొక్క కూతురు గవ్వ.

పిట్టల్లో ఒక ఆచారం ఉండేది. పిల్ల తొలిసారి ఎగిరినప్పుడు తండ్రి దాని కిందే ఎగరాలి. జారితే తండ్రి వీపు మీద పడుతుంది. తండ్రి లేని పిల్లల కింద రాగన్నే ఎగిరేవాడు. "రాగన్న ఉంటే మాకు దిగులే లేదు" అనేవారు అందరూ. ఆ మాట వింటే వాడికి కడుపు నిండిపోయేది.

అలాంటి చోటికి ఒకరోజు పాలపిట్ట వచ్చింది. నీలిరెక్కలు విప్పి ఆకాశంలో పల్టీలు కొట్టింది. ఒకటా రెండా, వరసగా ఏడు! పిట్టలన్నీ నోళ్లు వెళ్లబెట్టాయి. "ఓస్, ఇంతేనా!" అన్నాడు రాగన్న.

గూట్లోంచి గవ్వ రెక్కలు తపతపలాడించింది. "నాన్నా, నాన్నా! నీకు అలా వచ్చా?"

అంతే, రాగన్న గుండె భగ్గుమంది. లోకమంతా పాలపిట్టను మెచ్చుకున్నా ఓర్చుకునేవాడేమో. కన్నకూతురు మెచ్చుకుంటే ఎలా ఓర్చుకుంటాడు? ఆరోజు వాడికి పురుగు ముక్క కూడా గొంతు దిగలేదు. కళ్లు మూసినా తెరిచినా ఆ నీలిరెక్కలే.

మర్నాడు ఎవరూ చూడకుండా పల్టీ కొట్టబోయాడు. సగంలోనే తిరగబడి తాటిచెట్టు మీద పడ్డాడు. అక్కడ కల్లుగీసేవాళ్లు కట్టిన లొట్టిలో కల్లు నురగలు కక్కుతోంది. దాహంతో నాలుగు గుక్కలు తాగేశాడు. ఒళ్లు వెచ్చబడింది. సిగ్గు పోయింది. పాలపిట్ట కూడా మనసులోంచి పోయింది. అదే వాడికి ఎక్కువ నచ్చింది.

"చూశావా, ఎనిమిది పల్టీలు!" అన్నాడు చెట్టు మీది ఉడతతో.

"పల్టీలా మావా? మట్టకూ మట్టకూ గుద్దుకున్నావు" అంది ఉడత. రాగన్న దాని తోక పట్టుకుని పొడిచాడు. అంతకుముందు వాడు ఎవరినీ పొడిచి ఎరగడు.

అది మొదలు రోజూ తాటిచెట్టే. కళ్లు ఎర్రబడ్డాయి. గొంతు బొంగురుపోయింది. పొద్దున్న లేస్తే రెక్కలు వణికేవి, తాగితేగానీ ఆగేవి కావు.

"ఏమయ్యా, పిల్ల ఎగిరే రోజు దగ్గరకొచ్చింది. ఇక మానరాదూ?" అంది నూకాలు.

"నీకూ ఆ పాలపిట్టే కావాలి కాబోలు!" అని అరిచాడు. గవ్వ గూట్లో ముడుచుకుపోయింది.

ఆ రోజు రానే వచ్చింది. పిట్టలన్నీ చేరాయి. వణుకుతున్న రాగన్నను చూసి పాలపిట్ట మెల్లగా దగ్గరికొచ్చింది.

"అన్నా, నీ ఒంట్లో బాగున్నట్టు లేదు. ఇవాళ పాప కింద నేను ఎగరనా?"

"నా కూతురు కింద నువ్వా? పో అవతలికి!" అన్నాడు రాగన్న. వణుకు ఆగితే చాలనుకుంటూ తాటిచెట్టెక్కి గుక్క తాగాడు. ఒక్క గుక్క అనుకుంటే లొట్టి సగమయింది. తూలుతూ వచ్చి గవ్వ కూర్చున్న కొమ్మ కింద నిలబడ్డాడు.

"నాన్నా, వస్తున్నా!" అని గవ్వ కొమ్మ వదిలింది.

రాగన్న తల ఎత్తి చూశాడు. ఆకాశంలో ఇద్దరు గవ్వలు కనిపించారు. గబగబా ఒక గవ్వ కిందికి వెళ్లి వీపు ఒగ్గాడు.

పడింది రెండో గవ్వ.

పాలపిట్ట బాణంలా దూకింది గానీ, అప్పటికే పిల్ల జెముడుడొంకలో పడిపోయింది. ముళ్లన్నీ పాలపిట్టే తీసింది. ప్రాణం దక్కింది. రెక్క మాత్రం మళ్లీ పూర్తిగా విచ్చుకోలేదు.

"నువ్వు కిందే ఉన్నావనుకున్నా నాన్నా" అంది గవ్వ.

రాగన్న ఏదో చెప్పబోయాడు. గొంతులోంచి "ఊప్... ఊప్..." తప్ప ఏమీ రాలేదు.

మళ్లీ వాడు తాటిచెట్టు వైపు పోలేదు. కానీ కళ్ల ఎరుపు దిగలేదు, గొంతు తిరిగి రాలేదు. గవ్వ ఒక పొద నుంచి ఇంకో పొదకు మాత్రమే ఎగరగలిగేది. రాగన్న కూడా మబ్బుల సంగతి మరిచి, ఆ పొదల కింద నడవడం మొదలుపెట్టాడు. పైన పాలపిట్ట పల్టీలు కొడుతున్నా తల తిప్పి చూసేవాడు కాదు. వాడి చూపంతా గవ్వ కూర్చున్న కొమ్మ మీదే.

అప్పటినుంచే జెముడుకాకికి ఎర్రకళ్లు, బొంగురుగొంతు. అప్పటినుంచే అది రెక్కలుండీ పొదల కింద నేల మీద నడుస్తుంది, ఈసారి పిల్ల జారితే తను సరిగ్గా కిందే ఉండాలని.