అంతా క్షేమం అన్న చిలకలు

సోలేరు పుట్టేది కొండగట్ల మీద, కలిసిపోయేది లంకల అవతల సముద్రంలో. నడుమ ఏట్లో ఒక నల్లబండ ఉంది. దాన్ని పొలిమేర బండ అంటారు. బండకి పైన గట్టు జంతువులు: కణుజులు, అంటే ఆ పెద్దకొమ్ముల దుప్పులు, ఎలుగులు, కుందేళ్ళు. బండకి కింద లంక గొడ్లు: గేదెలు, ఎడ్లు, మేకలు. పైవాళ్ళు బండ దాటి కిందికి దిగరు, కిందవాళ్ళు పైకి ఎక్కరు. దాటితే ఏమవుతుందని నన్నడక్కండి. తాతలు దాటలేదు, మేమూ దాటమనేవి, అంతే. నీళ్ళు మాత్రం ఎవర్నీ అడక్కుండా దాటిపోయేవి.

వెనకటికి సోలేరుకి ఒక మర్యాద ఉండేది. మబ్బు పట్టి, ఉరిమి, కురిసి, ఆ తరవాతే పొంగేది. గొడ్లు పిల్లాజెల్లాని తోలుకుని మెరక ఎక్కేవి. కాలం తప్పింది. ఎండలకి గట్ల మీద గడ్డి మాడిపోయింది. ఆకలికి కణుజులు మొలకల్ని కూడా కొరికేస్తే కొండ బోడైంది. ఇప్పుడు ఎక్కడో కొండ చివర కుండపోతగా కురిస్తే నిలవడానికి చోటు లేక ఆ నీరంతా జారుకొచ్చేస్తుంది. లంకలో చూస్తే ఎండ కాస్తూనే ఉంటుంది.

అలాంటి ఎండలో, మిట్టమధ్యాహ్నం, బొల్లి అనే గేదె పెద్దదూడ ఏటి ఒడ్డున నీళ్ళు తాగుతూ తాగుతూ లేకుండా పోయింది. అరవను కూడా లేదు. దూడ నిలబడ్డ చోట ఎగువనుంచి జారుకొచ్చిన నీళ్ళు నున్నగా తళతళలాడుతున్నాయి. పొద్దుగూకేదాకా బొల్లి అక్కడే నిలబడి, తల పైకి లేస్తుందేమోనని చూసింది, పాపం. దానికింక మిగిలింది చుక్కి అనే చిన్నదూడ ఒక్కటే.

దూడ పోకముందు ఒక తీతువు పిట్ట లంక మీద తిరుగుతూ తెగ కూసింది. తీతువు కూస్తే చావు కబురని మనకున్న నమ్మకమే గొడ్లకీ ఉంది. థూ థూ అని ఉమ్మి, తోకలు ఝాడించి తరిమేశాయి. తరిమినవాటిలో బొల్లి కూడా ఉంది. ఆ సంగతి దాని కడుపులో ముల్లులా ఉండిపోయింది. ఆ పిట్ట చావుని తెచ్చిందా, చావొస్తోందని చెప్పిందా?

ఇలా లాభం లేదని రెండువైపులవాళ్ళూ పొలిమేర బండ దగ్గర కూడారు. గట్టువాళ్ళు ఎగువ ఇసకలో, లంకవాళ్ళు దిగువ ఇసకలో. కణుజుల పెద్ద శింగన్న, ఎండాకాలం మీ లంక గడ్డిలో మాకు వాటా పెట్టండి, కొండ మీద మొలకల్ని మేము ముట్టం, చెట్లు లేస్తే నీరు నెమ్మదిస్తుంది, మీకూ మంచిదేనన్నాడు. మాట సబబుగానే ఉంది. కానీ లంక ఎడ్లకి అనుమానం పుట్టింది. మా గడ్డి తిని మొలకలూ తినేస్తే చూసేదెవరు? గట్టువాళ్ళకీ అనుమానమే, మొలకలు మానేశాక గడ్డి రాకపోతే? దాటి చూసొద్దామంటే పొలిమేర అడ్డం. బొల్లి లేచి, వరద కబురు చెప్పడానికి తీతువుల్నే కాపలా పెట్టుకుందాం, అవి గులకనేల మీద గుడ్లు పెడతాయి కాబట్టి ఏటి తడి అందరికంటే ముందు వాటికే తెలుస్తుందంది. సభంతా మొహం చిట్లించింది.

అదిగో, అప్పుడు దిగింది గుంటనక్క. అందరూ దాన్ని మావా అనే పిలుస్తారు. బండ మీదే దాని కాపురం. అటూ కాదు, ఇటూ కాదు. తీతువంటే దానికి కడుపుమంట, ఎందుకంటే అది దొంగతనానికి బయల్దేరినప్పుడల్లా ఆ పిట్ట నెత్తిమీద తిరుగుతూ గోల పెట్టేది.

"మేత పెట్టి మరీ చావు కూత కూయించుకుంటారా?" అంది నక్క. "చిలకల్ని పెడతాను. వరదొస్తే వరదంటాయి, రాకపోతే అంతా క్షేమమంటాయి. మీ గడ్డీ గింజలూ, వాళ్ళ ఇప్పపువ్వూ రేగుపళ్ళూ ఈ బండ మీద పోయండి. ఉమ్మడి గాదె. ఎవరి వాటా వాళ్ళకి నేను చేరుస్తాను. మీరెవరూ పొలిమేర దాటక్కర్లేదు."

దాటక్కర్లేదు అన్న మాట అందరికీ తేనెలా తగిలింది. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందన్న సామెత ఒక్కరికైనా గుర్తు రాలేదు.

నక్క చిలకల్ని తెచ్చింది, ఏటి మలుపుల్లో కూర్చోబెట్టింది. వరద మాట నేర్పనే లేదు. వరదంటే ఎవరి మేత వాళ్ళు దాచుకుంటారు. క్షేమమంటే గుండెల నిండా ఊపిరి పీల్చుకుని ఇంకో మోపు తెచ్చి పోస్తారు. కాబట్టి ఎవరు కేకేసినా, ఏమడిగినా ఒక్కటే జవాబు నేర్పింది. ఇక ప్రతి సాయంత్రం, ఏటి మీద పొగమంచు పరుచుకునేవేళకి, మలుపు తరవాత మలుపు అందుకుంటూ పోయేది ఆ మాట: అంతా క్షేమం... అంతా క్షేమం... చిలక పలుకు కాదది. నేర్పింది నక్క కదా, అచ్చం నక్క గొంతే. నక్క బండ మీద గురకపెట్టి నిద్రపోతుంటే, దాని గొంతు ఏటి పొడుగునా తిరిగేది. చుక్కి అది విన్నప్పుడల్లా తల్లి పొట్టకింద దూరేది. మిగతా గొడ్లు మాత్రం హాయిగా నెమరేసుకునేవి.

గాదె నిండుతూనే ఉంది. పాపం గడ్డి మాత్రం కదల్లేదు, కింది పొరలు కుళ్ళి ఆవిర్లు కక్కేవి. గింజలకి ఎలకలు చేరాయి, ఎలకల్ని తిని నక్క బలిసింది. లంకవాళ్ళతో, గట్టువాళ్ళకి మీరిచ్చింది చాల్లేదట అనేది. గట్టువాళ్ళతో, లంకవాళ్ళు పిసినారులు, పరక విదల్చలేదు అనేది.

బొల్లికి ఒక్కటే అర్థం కాలేదు. అంత గడ్డి పోయాక కూడా కొండ ఇంకా బోడిగానే కనపడుతోందేం? ఒకరోజు తెల్లారగానే చుక్కిని ఎద్దులకి అప్పజెప్పి, బండ పక్కనుంచి పొలిమేర దాటేసింది. నక్క చూసి నవ్వింది. దాటినదానికి కీడు మూడిందని లంకంతా చాటింది.

పైన శింగన్నకి డొక్కలు లెక్కపెట్టొచ్చు. మీ గడ్డి మేము కళ్ళతో చూడలేదు తల్లీ అన్నాడు. మీ రేగుపళ్ళు మేమూ చూడలేదు అంది బొల్లి. ఇద్దరూ బండ మీది గాదెవైపు తిరిగి చూశారు. బండకి పైన ఒక్క చిలక కూడా లేదని కూడా అప్పుడే తేలింది. కొండవాన సంగతి తెలియడానికి వీల్లేని చోట కూర్చుని అవి క్షేమం చెబుతున్నాయన్నమాట.

ఏటి మొదట్లో, గులకరాళ్ళ మధ్య తీతువు పొదుగుతోంది. బొల్లిని చూడగానే గుర్తుపట్టింది.

"నన్ను తరిమినవాళ్ళలో నువ్వూ ఉన్నావు."

"ఉన్నాను. ఆ రోజు నీ మాట వింటే నా దూడ బతికేది. నాకు ఇంకోటుంది, దాన్ని బతికించు. ఏం కావాలో అడుగు."

"నాకు గాదెలొద్దు. నీ పేడలో పురుగులు చాలు నాకు. నా గుడ్లున్న నేల తొక్కకండి. నేను కూసినప్పుడు తరమకండి. మలుపు మలుపుకీ మావాళ్ళున్నారు, అందుకుంటారు."

ఆనాటినుంచి బొల్లి రోజూ కొమ్ములకి పచ్చగడ్డి ఎత్తుకుని పొలిమేర దాటేది. శింగన్న మంద అది తిని మొలకల జోలికి పోవడం మానింది. గాదె గడ్డి పైకి చేరలేదని చెప్పినా లంకలో ఎవరూ నమ్మలేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని లంక ఎడ్లు ఎగతాళి చేశాయి. చేస్తే చేశాయిలే అనుకుంది బొల్లి.

మొలకలు మోకాలెత్తు కూడా రాలేదు. ఒక మధ్యాహ్నం, ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. గొడ్లన్నీ ఏటి ఇసకలో పడుకున్నాయి. చిలకలు అంతా క్షేమం అంటున్నాయి. అప్పుడు దూరంగా తీతువు కూసింది. తరవాతి మలుపులో ఇంకోటి అందుకుంది. ఆ తరవాత ఇంకా దగ్గరగా ఇంకోటి. ఎడ్లు ఉమ్మడానికి నోరు తెరిచాయి.

బొల్లి అడ్డంగా నిలబడింది. "దాన్ని తరమకండి. ఏరు వినండి."

విన్నాయి. ఏటికి చప్పుడు లేదు. కప్ప లేదు, అల లేదు, పారే నీరు పారుతూనే ఉంది కానీ గొంతు పోయినట్టుంది. చీమలు గుడ్లు నోట కరుచుకుని మెరకవైపు బారులు తీరాయి. బొల్లి ఇంక ఎవరితోనూ వాదించలేదు, చుక్కిని మూతితో నెట్టుకుంటూ మెరక ఎక్కింది. ఒక మేక కదిలింది, దాని వెనక ఎద్దు, ఆ వెనక మందంతా. చివరి దూడ ఎక్కేసరికి కింద ఇసక లేదు. ఎండ అలాగే కాస్తోంది.

బండ మీద నక్క గడ్డివాము ఎక్కి నిద్రపోతోంది. తీతువు కూత దానికీ వినపడింది. చిలకల మాట కూడా వినపడింది. తాను నేర్పిన మాటే అయినా, రోజూ విని విని దానికీ అలవాటైపోయింది, పక్కకి తిరిగి పడుకుంది. కాళ్ళకి తడి తగిలి లేచేసరికి చుట్టూ నీళ్ళు. మెరకవైపు తిరిగి గొంతు చించుకుంది.

"కాపాడండి!"

ఎవరు కేకేసినా ఏం చెప్పాలో చిలకలకి నేర్పింది అదే కదా. అంతా క్షేమం అన్నాయి. మళ్ళీ అరిచింది. మళ్ళీ అంతా క్షేమం అన్నాయి, మలుపు మలుపునా, దాని గొంతుతోనే. నీటి మీది ఎండ తళుకుకి బండ కనపడ్డం లేదు. మెరక మీదికి నక్క గొంతులే గుంపుగా వచ్చాయి.

"మావ బాగానే ఉన్నాడు, వింటున్నారుగా," అంది ఒక ఎద్దు.

"అందులో ఒకటి చిలకది కాదేమో," అంది బొల్లి. నీళ్ళ అంచుదాకా దిగి చెవులు రిక్కించింది. కాసేపటికి ఆ ఒకటీ ఆగిపోయింది. మిగతావి ఆగలేదు.

నీరు తీశాక చూస్తే బండ మీద గాదె లేదు, గడ్డి లేదు, నక్క లేదు. ఇప్పుడు గట్టువాళ్ళు దిగుతున్నారు, లంకవాళ్ళు ఎక్కుతున్నారు, ఎవరి వాటా వాళ్ళే మోసుకుపోతున్నారు. కొండ పచ్చబడుతోంది. తీతువు కూస్తే గొడ్లు ఉమ్మడం మాని తల పైకెత్తి వింటున్నాయి. చిలకలు మాత్రం పోలేదు. మేత పెట్టేవాడు లేకపోయినా నేర్చిన మాట మరవలేదు. సాయంత్రం ఏటి ఒడ్డున నిలబడి ఎవరున్నారక్కడ అని అడిగి చూడండి, చచ్చిపోయిన నక్క గొంతు తాపీగా జవాబు చెబుతుంది, అంతా క్షేమమని.

చెవికి ఇంపైన కబురుకే మేత పెడితే, ప్రాణం నిలిపే కబురు పస్తుండి ఎగిరిపోతుంది.