పీతలు తవ్విన ఎలుక ఇల్లు

వరిచేలకు నీళ్ళు పారే బోదె ఎండి నెల దాటింది. రేపో మాపో కాలువ వదులుతారు. ఆలోపే గట్టులో కొత్త కన్నం తవ్వించుకోవాలని ఎలుకమ్మ తొందర. కళ్ళు తెరవని పిల్లలు ఐదుగురూ గడ్డికుప్పలో ఉన్నారు మరి.

పక్క గట్టు పందికొక్కు తవ్వకంలో ఆరితేరినవాడు. పిలిస్తే వచ్చాడుగానీ ఒకటే ప్రశ్నలు.

"పాము ఎటునుంచి వస్తుందే? వెనక వాకిలి ఎటు పెట్టమంటావ్? తడి ఎందాకా ఎక్కుతుంది? వారం పడుతుంది. వారమంతా నాకు కడుపునిండా పెట్టాలి."

"బాబోయ్, నిన్ను మేపడం నావల్ల కాదు మామా!"

అది విని తొండ దగ్గరికొచ్చింది. "బోదె అవతల పీత మేస్త్రులున్నారు పిన్నీ. పిడికెడు తవుడు పెడితే రెండ్రోజుల్లో తవ్వేస్తారు. మాట్లాడనా?"

"లోతుగా, నున్నగా ఉండాలని చెప్పు. మిగతాది ఇల్లు తవ్వేవాళ్ళకు తెలీదా ఏంటి? అర్థమైందా?"

తొండ తలాడించింది. తొండ ఎవరడిగినా తలాడిస్తుంది, అడక్కపోయినా ఆడిస్తుంది. ఎలుకమ్మ మాత్రం పని కుదిరిందని మురిసిపోయింది. పిల్లల్ని వదిలి ఒక్కసారైనా వెళ్ళి చూడలేదు.

రెండ్రోజుల్లో ఇల్లు తయారైంది. అద్దంలా ఉంది. పిల్లల్ని ఒక్కొక్కరిగా నోట కరుచుకెళ్ళి అడుగున పడుకోబెట్టింది.

మర్నాడు పొద్దున్నే కాలువ వదిలారు. నీళ్ళు పైనుంచి రాలేదు, ఇంటి అడుగునుంచి ఉబికాయి! ఎలుకమ్మ ఒక పిల్లను కరుచుకుని పైకి పరుగెత్తింది. వాకిట్లో జెర్రిపోతు పాము! వెనక వాకిలి కోసం గోడలన్నీ తడిమింది. లేదు. ఎక్కడా లేదు!

"మామా! కొక్కు మామా!"

ఆ కేక విని పందికొక్కు పక్కనుంచి గట్టు తవ్వుకుంటూ వచ్చాడు. తల్లినీ, ముగ్గురు పిల్లల్నీ బయటికి లాగాడు. మిగతా ఇద్దరూ నీళ్ళపాలయ్యారు. చెప్పడానికి నాకే నోరు రావడంలేదు.

అంతలో పీత మేస్త్రి నవ్వుతూ వచ్చాడు. "నీళ్ళు బాగా ఎక్కాయా అమ్మా? మీకోసమని బోదె మట్టం కంటే కిందికి దింపాం."

"ఇల్లు పొడిగా ఉండాలయ్యా! ఆమాత్రం తెలీదా?"

మేస్త్రి నిర్ఘాంతపోయాడు. "నీళ్ళు లేని ఇల్లా! అలాంటిది కూడా ఉంటుందని మాకెవరూ చెప్పలేదేంటమ్మా?"

నీతి: పనివాడు చౌకగా దొరికాడని సంబరపడేముందు, మనకేం కావాలో అతని నోటితో చెప్పించుకుని వినాలి.