వీరవేణి దరఖాస్తు

ఎవరైనా ప్రశ్న అడిగితే ముసలయ్య మాస్టారు అప్పటికప్పుడు జవాబు చెప్పేవారు కారు. తాను వెళ్తున్న దారిలోకో, చేస్తున్న పనిలోకో అడిగినవాళ్లను కూడా కలుపుకునేవారు. గోదావరి పాయల నడుమ ఉన్న ఆ లంక గ్రామంలో ఆయన అరుగు మీద పద్యం నేర్చుకున్న వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. వీరవేణికి మరీ బాగా తెలుసు. అయినా ఆ ఉదయం ఆమె ప్రశ్న పట్టుకునే వచ్చింది.

వీరవేణికి ముప్పై తొమ్మిదేళ్లు. కొబ్బరి పీచుతో తాళ్లు పేనే షెడ్డులో పని. ఆ పని చేస్తూనే దూరవిద్యలో తెలుగు ఎమ్మే చదివింది. తాళ్లు పేనేటప్పుడు ఆడవాళ్లు పాడుకునే పాటల నడక, రాట్నం తిరిగే తీరును బట్టి మారుతుందని ఆమె కనిపెట్టింది. పన్నెండేళ్లుగా విన్న పాటలన్నీ ఏడు నోటు పుస్తకాల నిండా రాసుకుంది. దాని మీద పరిశోధన చేయమని మాస్టారే అన్నారు. విశ్వవిద్యాలయానికి దరఖాస్తు ఆన్‌లైన్లోనే పెట్టాలి. ఆ సాయంత్రం ఐదింటితో గడువు సరి.

నాలుగు రోజులుగా ఆ వెబ్‌సైటు ఆమెను ముప్పుతిప్పలు పెడుతోంది. ఫొటో పెద్దదైందంది. చిన్నది చేస్తే స్పష్టంగా లేదంది. ఫోనుకు ఓటీపీ వచ్చేసరికి దాని వేళ దాటిపోయేది. పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టింటి పేరు, ఆధార్లో అత్తింటి పేరు. రెండూ కలవలేదని ఎర్రక్షరాలు. నిన్న ఎలాగో ఆఖరి పేజీ దాకా వెళితే, అది గుండ్రంగా తిరిగి తిరిగి మళ్లీ మొదటికే తెచ్చి పడేసింది.

"మాస్టారండీ, గుమ్మంలోనే ఇన్నిసార్లు కాదన్న ఇంటికి మళ్లీ మళ్లీ వెళ్లడం పట్టుదలంటారా, సిగ్గులేకపోవడం అంటారా? నా వయసూ నా పనీ చూసి, ఈ చోటు నీది కాదని చెప్తున్నట్టే ఉందండి."

మాస్టారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ విన్నారు. "అవతల హైస్కూల్లో పద్యాల పోటీ ఉంది, నేను వెళ్లాలి. నువ్వూ రా. నీ కాగితాలు కూడా తెచ్చుకో" అన్నారు.

రేవులో పడవ లేదు. అవతలి ఒడ్డున కట్టేసి ఉంది. పడవ నడిపే పెద్దిరాజు ఇటు వీపు పెట్టి, వంగి ఏదో పని చేసుకుంటున్నాడు. వారం కిందట ఫోను నీళ్లలో జారవిడుచుకున్నాడు కాబట్టి చేసి పిలవడానికీ లేదు. అప్పటికే ముగ్గురు రేవులో నిలబడి కేకలు వేస్తున్నారు. గాలి ఎదురుగా కొడుతోంది. వేసిన కేక వేసినవాళ్ల చెవులకే తిరిగొస్తోంది.

"మన లంకోళ్లంటే ఆడికి లెక్కలేదండి. ఇయ్యాల ఇంక రాడు" అన్నాడు వాళ్లలో పెద్దాయన. కాసేపటికి ముగ్గురూ ఇంటిదారి పట్టారు.

"మనమూ వెళ్లిపోదామాండి?" అంది వీరవేణి.

"నీ ఇష్టం" అని మాస్టారు ఒడ్డున చతికిలబడ్డారు.

ఆ మాటతో ఆమెకు ఒళ్లు మండింది. పెద్దిరాజు మీదో, వెబ్‌సైటు మీదో, తన మీదో ఆమెకే తెలియలేదు. అక్కడ పడి ఉన్న వెదురు గెడ అందుకుంది. "మీ తువ్వాలు ఇలా ఇవ్వండి" అని తీసుకుని దాని కొసకు ముడేసింది. ఇసుక మేట చివరికంటా నడిచి, మోకాలి లోతు నీళ్లలో దిగి, గెడ పైకెత్తి ఊపింది. అవతల కదలిక లేదు. చేతులు మార్చుకుని మళ్లీ ఊపింది. రెక్కలు పడిపోతున్నాయనిపించే వేళకి ఆ మనిషి నడుం నిటారు చేసి ఇటు తిరిగాడు. చెయ్యెత్తాడు.

పడవ ఒడ్డు తాకీ తాకకముందే ఆమె విరుచుకుపడింది. "గంట నుంచి అరుస్తున్నాం. మేమంటే అంత చులకనా నీకు?"

పెద్దిరాజు బిత్తరపోయాడు. "ఆయ్, చులకనేంటక్కా! మీరున్నారని నాకు తెలిత్తే గదా. తెలిత్తే రాకుండా ఉంటానా?"

పడవ పాయ దాటేదాకా మాస్టారు నీళ్లకేసే చూస్తూ కూర్చున్నారు. 

అవతలి ఊళ్లో నెట్ సెంటర్లో మళ్లీ అదే తంతు. ఫొటో కుదిరింది, ఓటీపీ అందింది, పేర్ల దగ్గర మాత్రం ఎర్రక్షరాలు వచ్చాయి. పేజీ అడుగున ఒక ఫోను నంబరు ఉంది. అది ఆమె నాలుగు రోజులుగా చూస్తున్నదే. చేసి ఎవరినని చెప్పుకోవాలో తెలియక ఊరుకుంది. ఇవాళ చేసింది. నాలుగుసార్లు మోగి మోగి ఆగిపోయింది. అయిదోసారి ఒకావిడ ఎత్తి, పేరడిగి, వెతికి చెప్పింది.

"మా దగ్గర ఈ పేరుతో దరఖాస్తేమీ లేదమ్మా. మీరెవరో మాకు తెలియదే."

వీరవేణికి నవ్వొచ్చింది. "అవునండి. ఉన్నానని చెబుదామనే చేశాను" అంది.

అవతల ఆవిడ కూడా నవ్వింది. రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ చేయించిన కాగితం ఏ గడిలో జతచేయాలో, తర్వాత ఏది నొక్కాలో నిదానంగా చెప్పింది. వీరవేణి కోర్టు వీధికి పరుగెత్తి కాగితం చేయించుకొచ్చింది. నాలుగూ ఇరవైకి తెర మీద ఆకుపచ్చ గీత వచ్చి, దాని కింద ఒక నంబరు పడింది. అచ్చు తీయించుకుంది.

హైస్కూల్లో పోటీ అయిపోయింది. మాస్టారు వరండాలో ఒంటరిగా కూర్చుని ఉన్నారు. ఆయన కళ్లజోడు సర్దుకుని ఆ కాగితం పై నుంచి కింది దాకా చదివారు.

"సీటు వస్తుందంటారా మాస్టారండీ?"

ఆయన కాగితం మడత పెట్టి ఆమె చేతికిచ్చారు.

"ఆ మాట వాళ్లే చెప్పాలమ్మా. ఇవాళ్టి నుంచి చెప్పగలరు."