ముఖాలు తిప్పుకున్న ముళ్లపందులు

అనగా అనగా, కొండలకు ఇంకా దారులు పడని కాలంలో, ఎర్రరాళ్ల కొండ మీద ముళ్లపందుల జాతి ఒకటి ఉండేది. తాతముత్తాతలు తవ్విన బొరియలు, వాళ్లు చూపించిన దుంపలు. అదే వాటి లోకం.

ఒకనాడు ఒక చిరుతపులి వచ్చి, "ఈ కొండ ఇక నాది. ఖాళీ చేయండి" అంది.

ముళ్లపందులు గబగబా ఒక్కచోట చేరాయి. పిల్లల్ని నడిమధ్యన పెట్టి చుట్టూ వలయం కట్టాయి. తలలు లోపలికి, ముళ్లు బయటికి. ఒకదాని ముఖం ఒకటి చూసుకుంటూ ఒక్కసారిగా వెనక్కి అడుగు వేశాయి. చిరుత ముక్కులో ముల్లు దిగింది. కుయ్యో మొర్రో అంటూ పారిపోయింది.

అక్కడితో ఆగితే బాగుండేది! గెలుపు విందులోనే గొడవ మొదలైంది.

"ఆ ముల్లు నాది. ఇక పెత్తనం నాదే" అంది బండముల్లు అనే ముళ్లపంది.

"నీ మొహం! అది నా ముల్లు" అంది చారలముల్లు అనే ఇంకో ముళ్లపంది.

జాతి రెండుగా చీలింది. "వాళ్ల ముఖం చూస్తే ఒట్టు" అని రెండు పక్షాలూ శపథం పట్టాయి. ఎంత తెలివితక్కువ శపథమో చూడండి!

చిరుత రెండోసారి వచ్చింది. వలయమైతే కట్టాయి. కానీ అవతలివాళ్ల ముఖం చూడకూడదు కదా! అన్నీ తలలు బయటికి తిప్పాయి. మెత్తటి ముక్కులు చిరుతకు ఎదురుగా, ముళ్లు పిల్లల వైపు. చిరుత చారలముల్లు తమ్ముణ్ణి ఎత్తుకుపోయింది. లోపలి పిల్లలకు సొంతవాళ్ల ముళ్లే గుచ్చుకున్నాయి.

అప్పుడైనా బుద్ధి వచ్చిందా? "మీ వల్లే", "కాదు, మీ వల్లే" అని ఏడుస్తూనే తిట్టుకున్నాయి.

బోడితోకవ్వ అని ఒక ముసలి ముళ్లపంది ఉండేది. అది తన మనవరాలి వీపులోంచి ఒక ముల్లు పీకి తెచ్చి, బండముల్లుకూ చారలముల్లుకూ మధ్య పెట్టింది.

"ఒరేయ్, ఇదెవరిదో చెప్పండ్రా."

రెండూ చెరో అడుగు వెనక్కి వేశాయి.

"చిరుత ముక్కులోది మాత్రం నాదంటే నాదన్నారే! ఆ రోజు అందరం వీపులు తిప్పి నిలబడ్డాం. ఎవరి ముల్లు దిగిందో చూసిందెవర్రా?"

బండముల్లు తల దించుకుంది. "నేను చూళ్లేదవ్వా."

"నేనూ చూళ్లేదు" అంది చారలముల్లు. తలెత్తి చూస్తే, పోయిన తమ్ముడి కోసం బండముల్లు కళ్లలోనూ నీళ్లున్నాయి.

చిరుత మూడోసారి మూతి నాక్కుంటూ వచ్చింది. మళ్లీ తలలు లోపలికి, ముళ్లు బయటికి. బండముల్లుకు ఎదురుగా చారలముల్లు నిలబడింది. చిరుత మూడు చుట్లు తిరిగింది, సందు దొరకలేదు. తెగించి దూకి, నాలుగు పాదాలనిండా ముళ్లతో కుంటుకుంటూ కొండ దిగింది. మళ్లీ ఎక్కలేదు.

ఆ ముళ్లు ఎవరివని ఎవరూ అడగలేదు.

పిల్లలూ, శత్రువు ఎదుట ఉండగా గొప్ప ఎవరిదని తమలో తాము పోట్లాడుకునేవాళ్ల ముళ్లు వాళ్ల బిడ్డలకే గుచ్చుకుంటాయి. ఒకరి ముఖం ఒకరు చూసుకుని నిలబడితే, కొండ వాళ్లదే.