నలికిరి తోకకు పెట్టిన పేరు

ఒకప్పుడు నలికిరి తోక ఊడేది కాదు. బల్లి లాంటి ఆ ప్రాణికి అప్పటికింకా పేరే లేదు. సముద్రం మధ్య ఒక చిన్న దీవిలో, ఎండ బాగా తగిలే రాతి కింద గుడ్లు పెట్టుకుని కాపలా కాసుకునేది.

ఆ దీవిలో పేర్లు పెట్టే పని తాబేలు తాతది. ఏ ప్రాణిది ఏ జాతో తేల్చేదీ, ఎవరెక్కడ ఉండాలో చెప్పేదీ ఆయనే. కాళ్లున్న బల్లి జాతికి ఎండ రాళ్లు. కాళ్లు లేని పాము జాతికి మొగలి పొదల కింద తడి బొరియలు. ఆయన పేరు పలికాక అల వచ్చి వీపు తడిపితే సముద్రం ఒప్పుకున్నట్టు. ఇక ఆ పేరు మారదు.

పేర్ల రోజున అందరూ ఒడ్డుకు వెళ్లారు. గుడ్లను వదల్లేక నలికిరి వెళ్లలేదు. చూసి రమ్మని తాత పీతను పంపాడు.

పీత వచ్చేసరికి నలికిరి ఒళ్లంతా రాతి కిందే ఉంది. తోక ఒక్కటే బయటికి కనిపిస్తోంది. పీత పిలవనైనా పిలవలేదు. వచ్చిన దారినే అడ్డంగా నడుచుకుంటూ పోయి, నున్నగా ఉంది, మెరుస్తోంది, కాళ్లు లేవు అని చెప్పింది.

"నలికిరిపాము," అన్నాడు తాత. అల వచ్చి ఆయన వీపు తడిపింది.

రాయి ఖాళీ చేసి బొరియలోకి పొమ్మని పీత మళ్లీ వచ్చింది. నలికిరికి ఒళ్లు మండిపోయింది. తడిలో పెడితే గుడ్లు కుళ్లిపోవూ? పేరు పెట్టిన పెద్దమనిషినే ఇక్కడికి రమ్మంది.

తాత ఆయాసపడుతూ వచ్చాడు. నలికిరి బయటికొచ్చి నాలుగు కాళ్లూ చూపించింది. పొట్టివే కానీ, వేళ్లతో సహా ఉన్నాయి.

"ఉన్నాయి, నిజమే," అన్నాడు తాత. "కానీ అల తాకేసిందమ్మా. నువ్వే కాస్త సర్దుకో."

"ఆ కాళ్లు పొట్టకు అంటించుకుని పాకవే. ఎవరికి తెలుస్తుంది?" అంది పీత. అంటూనే డెక్కతో తోక పట్టుకుని లాగింది.

ఏ కాళ్లు లేవన్నారో ఆ కాళ్లతోనే నలికిరి రాతిని కరుచుకుంది.

"తాతా, మీ పీత చూసింది దేన్ని?"

"తోకను."

"మీరు పేరు పెట్టింది దేనికి?"

"దానికే."

"అయితే పేరున్నదాన్నే తీసుకుపొండి," అని నలికిరి ఒక్క గుంజు గుంజింది.

తోక తెగి పీత డెక్కలో ఉండిపోయింది. ఉండి, మెలికలు తిరగడం మొదలుపెట్టింది. పీత దాన్ని పారేసి, పాము పామని అరుస్తూ ఇసుకలో దూరింది. తాత ఆ తోకను చూశాడు, రాతి మీది నాలుగు కాళ్లను చూశాడు, తల డిప్పలోకి లాక్కున్నాడు. రాయి మాత్రం నలికిరికే మిగిలింది. గుడ్లు పిల్లలయ్యేసరికి కొత్త తోక కూడా మొలిచింది.

మనుషులు ఇవాళ్టికీ దాన్ని నలికిరిపాము అనే అంటారు, కనబడితే కర్ర ఎత్తుతారు. వంగి కాళ్లు చూసేవాళ్లు తక్కువ. అందుకే నలికిరి ఇప్పుడు వాదనకు దిగదు. అప్పటినుంచే, ఎవరైనా తోక పట్టుకుంటే ఆ తోకను వాళ్లకే వదిలేసి, నాలుగు కాళ్ల మీద తన దారిన తను వెళ్లిపోతుంది.