రెండు మెడల కాడి

పర్చూరు దగ్గర ఒక నల్లరేగడి ఊళ్లో జెకర్యా అనే రైతు ఉండేవాడు. అతను ఎవరు పిలిచినా సాయానికి వెళ్లేవాడు గానీ, తాను మాత్రం ఎవరి సాయమూ పుచ్చుకునేవాడు కాదు.

ఆ ఏడు అక్టోబరు చివర వానలు వెలిశాయి. జెకర్యా మూడెకరాల పొలం శనగ విత్తడానికి మంచి పదును మీద ఉంది. నేలలో ఆ తడి పదును నాలుగు రోజులకు మించి నిలవదు. సరిగ్గా అప్పుడే అతని భార్య సువార్తమ్మ జ్వరంతో మంచం పట్టింది. ఏటా అతను ఎద్దులతో విత్తే గొర్రు తోలితే, వెనక నడుస్తూ గింజలు పోసేది ఆమే.

పక్క పొలం రైతు ఆశీర్వాదం గట్టు మీదికి వచ్చాడు. ఇద్దరిదీ ఒకే చర్చి సంఘం.

"అన్నా, మా పొలం విత్తడం నిన్ననే అయిపోయింది. నేనూ మా ఆవిడా వస్తాం" అన్నాడు.

"మీకెందుకులే తమ్ముడూ శ్రమ. నేను చూసుకుంటా" అన్నాడు జెకర్యా.

గింజల సంచి భుజానికి తగిలించుకుని, ఒక చేత్తో గొర్రు పట్టుకుని, రెండో చేత్తో గింజలు పోశాడు. సాళ్లు వంకరపోయాయి. గింజలు ఒకచోట కుప్పగా పడ్డాయి, ఒకచోట అసలు పడలేదు. రెండు రోజులు కష్టపడితే ఎకరం అయింది. మూడో రోజు పొద్దున, ముసలి ఎద్దుకు జతగా ఆ ఏడే కాడికి కట్టిన కొత్త గిత్త మెడ మీద నెత్తురు కనిపించింది.

తనకోసమైతే జెకర్యా వెళ్లేవాడు కాదేమో, మూగజీవి బాధ చూడలేక ఆశీర్వాదాన్ని పిలుచుకొచ్చాడు.

ఆశీర్వాదం గిత్త మెడ తడిమి చూశాడు.

"కాడిలో లోపం లేదన్నా. పక్కన ముసలి ఎద్దు ఉంది కదా, దానితో అడుగు కలిపితే రెండింటికీ బరువు సమంగా పడుతుంది. ఈ గిత్త ఆగదు. ముందుకు ఉరికి బరువంతా తన మీదే వేసుకుంటోంది."

జెకర్యా గిత్త వీపు నిమిరాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"తమ్ముడూ, రేపు మీరిద్దరూ వస్తారా?"

"రేపటిదాకా ఎందుకన్నా? ఇంకా బోలెడు పొద్దుంది" అన్నాడు ఆశీర్వాదం.

గిత్తను విప్పి నీడన కట్టేశారు. దాని బదులు ఆశీర్వాదం తన ఎద్దును కట్టాడు. అతని భార్య గింజలు పోసింది. మర్నాడు సాయంత్రానికి ఇంకో ఎకరన్నర విత్తారు. మిగిలిన అరెకరంలో పదును ఆరిపోయింది. ఆ పొలం ముక్క ఆ ఏడంతా బీడుగానే ఉండిపోయింది.

ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు జెకర్యా లేచి నిలబడ్డాడు. అంతవరకు తనకోసం ఏదీ అడగని మనిషి కావడంతో అందరూ అతని వైపు తిరిగారు.

"నా భార్యకు జ్వరం తగ్గలేదు. నాకు భయంగా ఉంది. మా కోసం ప్రార్థన చేయండి" అన్నాడు.

తోటివారి బరువు మోసేవాడు మంచివాడే, కానీ తన బరువును ప్రభువు చేతికీ తోటివారి చేతికీ ఇవ్వగలిగినవాడే నిజంగా నమ్మినవాడు.